ఒక్కొక్కరికి ఒక్కసారే

అయినా చివర్లో ఆ బొత్తం నొక్కిందో లేదో, నొక్కే ఉంటుంది, గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసుకునే మనిషి నా కూతురు, నొక్కకుండా ఎందుకుంటుంది, నొక్కింది కనకే నా ఒళ్ళో ఈ ఫోను ఉండుండి టింగుమంటోంది, అలా టింగుమన్నప్పుడల్లా ఎవరో మా అమ్మాయికి మెయిల్ రాశారని, దానికి యంత్రమే అప్పటికప్పుడు జవాబు పంపేసిందని అర్థమట, మనిషి అక్కర్లేదట, మనిషి ఆ తెల్ల తలుపుల వెనక బల్ల మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నా సరే, నమస్కారం, మీ మెయిల్ అందింది, నేను సెలవులో ఉన్నాను, సోమవారం తిరిగి వస్తాను అని యంత్రం దాని తరఫున చెబుతూనే ఉంటుందట, వింతే, కానీ ఆ మాటల్లో మర్యాద అంతా నా కూతురిదే, ఆ నమస్కారం దానిదే, తుడిచే ఆవిడ వచ్చి కాళ్ళెత్తండి పెద్దమ్మా అంది, ఎత్తాను, ఫినాయిలు వాసన గుప్పుమంది, తలుపు మీద ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది, ఒళ్ళో ఫోను, ఫోను కింద ప్లాస్టిక్ సంచి, సంచిలో దాని గాజులు, చెవి దుద్దులు, మడమల దగ్గర అరిగిన చెప్పులు, మనిషిని లోపలికి తీసుకెళ్ళి మనిషి తాలూకు వస్తువులన్నీ నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టాను, మూడో తరగతి దాకా వెళ్ళినందుకు నాకు మిగిలిన ఆస్తి ఆ సంతకమూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకోవడమూను.

నిన్న మధ్యాహ్నం మంచం మీద కూచుని, సూది గుచ్చి ప్లాస్టరు వేసిన చెయ్యి అలా పక్కన పెట్టుకుని, ఒంటి చేత్తో ల్యాప్‌టాప్ మీద టకటకలాడిస్తూ, అమ్మా ఇది విను, వింటే విసుగ్గా ఉందా చెప్పు అంటుంది, ఏమిటే అది అంటే నేను లేనని చెప్పే ఉత్తరం అంది, లేనని చెప్పడానికి ఉత్తరం దేనికే, మనిషి కనపడకపోతే లేదనే కదా అన్నాను, నవ్వింది, నవ్వితే పొట్ట నొప్పి, నవ్వించకే అమ్మా అని పొట్ట పట్టుకుంది, ముందు ఐదారు లైన్లు రాసింది, చదివి తనే కొట్టేసింది, క్షమించండి అని మూడుసార్లు వచ్చిందట, ఒక్కటి చాలట, ఇంత పొడుగు రాస్తే చదివేవాడికి ఒళ్ళు మండుతుందట, నేనన్నాను, అదేమిటే, రాసినవాళ్ళని ఇంట్లో అందరూ బాగున్నారా అని ఒక్క మాట అడగొద్దూ, అంటే, బాగానే ఉంది, లిఫ్టు ఆగిపోయి చెమటలు కక్కుతూ రాసినవాడిని పిల్లాజెల్లా బాగున్నారా అని అడగమంటావా అంది, మా అమ్మాయి పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో, ఎక్కడ లిఫ్టు మొరాయించినా ముందు తిట్లు తినేది అదే, తిట్లు తిని మెకానిక్కును పంపుతుంది, అంత తిట్లు తినే పిల్లకి ఇంకొకరిని విసిగించకూడదని ఎంత పట్టింపో, అందరూ కలిసి ఉండే గుంపు మెయిళ్ళకి జవాబు పోకూడదట, పేరు పెట్టి తనకే రాసినవాళ్ళకి మాత్రమే పోవాలట, అదీ ఒక్కొక్కరికి ఒక్కసారే, మరి రెండోసారి రాస్తేనో అన్నాను, రెండోసారి రాస్తే ఏమీ పోదమ్మా, మొదటిసారి చెప్పేశాం కదా, చెప్పిందే చెబితే విసుగు, అంది, పాపం వాళ్ళు జవాబొస్తుందని చూస్తూ కూచుంటారేమోనే అన్నాను, కూచోనీ, అది వాళ్ళ పని అని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనే గడి దగ్గరికొచ్చి ఆగింది, డాక్టరేమో కోలుకోవడానికి వారాలు పడుతుందన్నాడు, ఇదేమో సోమవారం అని కొట్టింది, కొట్టి నా మొహంలోకి చూడలేదు, అసలు తారీఖు వెయ్యకపోతే ఎప్పటిదాకా చెబుతుందే అని అడిగాను, ఊరికే అడిగాను, ఎప్పటికీ చెబుతూనే ఉంటుంది అంది, ఆ తర్వాత ఇద్దరం కిటికీలోంచి ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ కూచున్నాం, ట్యాంకు మీద ఏమీ లేదు చూడటానికి.

అంత జాగ్రత్త దేనికంటే వాళ్ళ ఆఫీసులో పక్క సీటావిడ ఒకర్తి ఉంది, మా అమ్మాయి ఆవిడకి కందిరీగ అని పేరు పెట్టింది, నోరు తెరిస్తే కుట్టడమే, పోయినేడు ఇద్దరు ఒకేసారి సెలవు పెట్టి ఈ యంత్రం జవాబులు పెట్టుకుని పోయారట, ఒకాయన యంత్రం నేను లేనంటే రెండో ఆయన యంత్రం నేనూ లేనందట, దానికి ఇది మళ్ళీ జవాబు, దీనికి అది, ఇళ్ళల్లో లేనివాళ్ళిద్దరూ గుమ్మాల్లో నిలబడి మేం లేమండీ, మేమూ లేమండీ అని రెండు రోజులు కేకలేసుకున్నట్టు, అవన్నీ ఆఫీసులో అందరికీ కూడా వెళ్ళాయట, కందిరీగ లేచి నిలబడి, లేనివాళ్ళు నోరు మూసుకుని లేకుండా ఉండలేరా అని అందట, మా అమ్మాయి ఆ మాట ఇంటికొచ్చి చెబితే మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం, నా మనవరాలు పాప అయితే పళ్ళెంలో అన్నం వదిలేసి దొర్లింది, మరి అదే కందిరీగ పేరు నిన్న ఆ ఉత్తరం చివర పెట్టింది, అత్యవసరమైతే నేను లేనప్పుడు ఈవిడకి ఫోన్ చెయ్యండి అని, నంబరు కూడా, అదేమిటే ఆవిడ మీద పడేశావు అంటే, అమ్మా, నోరు అలాంటిది కానీ ఆవిడ ఫోను ఎత్తకుండా ఉండదు, ఒకసారి తన పని అనుకుందంటే వదలదు అంది.

ఆసుపత్రి అని రాయొచ్చు కదే, సెలవని ఎందుకు అన్నాను, రాయకూడదు, నెలాఖరుకి ఉద్యోగం కాగితాలు మళ్ళీ రాసుకుంటారు, ఉంచుకునేవాళ్ళని ఉంచుకుంటారు, నడుం నొప్పని మంచం పట్టిన స్టోరు గుమాస్తాని వద్దన్నారు, చాలా మర్యాదగా వద్దన్నారు, అందుకని ఆఫీసుకి సెలవు, ఇంట్లో పాపకి ఇంకో కథ, అమ్మ ఆఫీసు పనిమీద ఊరెళ్ళింది, శుక్రవారం వచ్చేస్తుంది అని, ఆఫీసుకి చెప్పిన అబద్ధం వేరు, పాపకి చెప్పిన అబద్ధం వేరు, అవి రెండూ ఒకదాని మొహం ఒకటి చూడకూడదు, నిజం తెలిసింది నా ఒక్కదానికి, అల్లుడి సంగతి మా ఇంట్లో ఎత్తం, ఆయన ఎక్కడున్నాడో ఎవరితో ఉన్నాడో పాప అడగదు, మేం చెప్పం, కడుపులోంచి నీళ్ళు తీసి వేరే ఊళ్ళో పెద్ద ల్యాబుకి పంపినప్పుడు కూడా ఫోన్ నంబరు ఇవ్వలేదు, ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను పాప చేతిలోనే, మోగితే అదే ఎత్తుతుందని, రోజంతా తన కళ్ళ ముందు తెరిచి ఉండేది ఆఫీసు మెయిలే కదా అని అదే ఇచ్చింది, ఎంత తెలివో, నా కడుపున పుట్టిన తెలివి, ఆ ఫలితం ఇంకా రాలేదు, డాక్టరు చూసి చూసి ఇంక ఆగలేం, గడ్డ పెరుగుతోంది, తెరిచి చూద్దాం అన్నాడు, తెరిచి చూద్దాం అని ఎంత తేలిగ్గా అన్నాడు, పెట్టె మూత తీసి చూద్దాం అన్నట్టు.

మా ఆయనా ఇలాగే ఒక ఏర్పాటు చేసుకున్నాడు, సైకిలు రిపేరు షాపు మాది, ఆయనకి రాతకోతలు రావు, బోర్డు రాయించడానికి బద్ధకం, ఎక్కడికైనా వెళితే తలుపు కొక్కేనికి పాత టైరు వేలాడదీసేవాడు, ఒక టైరుంటే ఇప్పుడే వస్తాడు, కూచోండి అని, రెండు టైర్లుంటే ఇవాళ రాడు, పొండి అని, ఆ వీధిలో చంటిపిల్లలక్కూడా తెలుసు, కొత్తవాడెవడైనా వస్తే ఎదురు షాపు దర్జీ అరిచేవాడు, ఒకటే ఉందిగా, కూచోవయ్యా, ఎక్కడికి పోతాడు అని, ఓ రోజు గుండెల్లో మంటగా ఉందని సోడా తాగొస్తానని వెళ్ళాడు, సోడాకి వెళ్ళేవాడు ఒక టైరే కదా పెడతాడు, ఒకటే పెట్టాడు, సోడా షాపు దగ్గరే కూలిపోయాడు, ఆయన్ని తీసుకెళ్ళడం, అన్నీ అయిపోవడం జరిగాక, ఎన్నాళ్ళకో తాళాల కోసం షాపుకి వెళితే, ఎవరో పొరుగూరి మనిషి, గాలిపోయిన సైకిలు గోడకి ఆనించి బల్ల మీద కూచుని ఉన్నాడు, ఒక టైరుందిగా అమ్మా, వస్తాడని చూస్తున్నా అన్నాడు, ఆ మనిషికి ఏం చెప్పానో గుర్తు లేదు, టైరు తీసి చేతిలో పట్టుకున్నాను, దాని బరువు మాత్రం గుర్తుంది, ఒకటి తీస్తే రెండు పెట్టాలా, రెండు పెడితే రేపు వస్తాడనుకుంటారు, అసలు రానివాడికి ఎన్ని టైర్లు వేలాడదియ్యాలో ఆయన నాకు చెప్పలేదు.

టింగుమంది, కళ్ళజోడు సర్దుకున్నాను, ఎవరో రాశారు, సెలవులు హాయిగా గడపండి, కింద ఇంకొకరు, బాగా తిరగండి, ఫొటోలు పంపండి, ఇంకొకాయన, అమ్మా మీరు హాయిగా సముద్రం ఒడ్డున ఉన్నారు, నేను మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఉన్నాను, దీనికి నవ్వొచ్చింది, నిజంగానే పైకి నవ్వాను, పక్క కుర్చీలో దుప్పటి కప్పుకున్న ముసలాయన నా వైపు చూశాడు, ఏం చేయను, నవ్వొస్తే ఆగదు నాకు, ఏడుపైతే ఆపుకుంటాను, మళ్ళీ టింగుమంది, ఈసారి అక్షరాలు పెద్దవి, అమ్మా, ఇది నా మొట్టమొదటి మెయిల్, కంప్యూటరు టీచరు ఇంట్లో ఎవరికైనా రాయమన్నారు, అందరూ నాన్నలకి రాస్తున్నారు, నేను నీకు రాశాను, ఊరు బాగుందా, శుక్రవారం ఎన్నింటికి వస్తావు అని, నా బంగారు తల్లి, తప్పుల్లేకుండా ఎంత బాగా రాసిందో, ఈ మొదటి ఉత్తరం దాని అమ్మకి చూపించాలి, కట్టు విప్పగానే చూపించాలి అనుకున్నానో లేదో చల్లటి నీళ్ళు పోసినట్టయింది, దీనికీ పోయి ఉంటుంది కదా జవాబు, పేరు పెట్టి రాసినవాళ్ళందరికీ పోతుంది కదా, అది కూతురని యంత్రానికేం తెలుసు, నమస్కారం, మీ మెయిల్ అందింది, నేను సెలవులో ఉన్నాను, సోమవారం, కన్నతల్లి దగ్గర్నుంచి పాపకి మీ మెయిల్ అందింది అని పోయి ఉంటుంది, శుక్రవారమూ సోమవారమూ ఆ బడి గదిలో ఎదురెదురు పడి ఉంటాయి.

ఎవరో గబగబా వస్తున్న చప్పుడు, చెప్పులు టపటపలాడిస్తూ ఒకావిడ, మెళ్ళో ఆఫీసు కార్డు, వగరుస్తూ నా ముందు ఆగి, మీరేనా వాళ్ళమ్మగారు, అంది, ముక్కు అచ్చం అలాగే ఉంది అంది, మీరెవరమ్మా అంటే పేరు చెప్పింది, పేరు వినగానే నాలుక చివరిదాకా వచ్చింది కందిరీగ అని, మింగేశాను, ఆవిడ నా పక్కన కూచోలేదు, నిలబడే మాట్లాడింది, సెలవా, ఇదా సెలవు, ఇంత దాచుకుంటుందా మనిషి, పక్క సీట్లో కూచుని కూచుని ఒక్క మాట చెప్పదా, మేమేమన్నా పులులమా, అని కుట్టేసినట్టే అంటోంది కానీ కళ్ళ నిండా నీళ్ళు, మీకెలా తెలిసిందమ్మా అన్నాను, పొద్దున ల్యాబ్ నుంచి ఫోనొచ్చిందండీ, ఫలితం వచ్చింది, ఎప్పుడో నిన్న సాయంత్రం మెయిల్ పెట్టాం, వెంటనే మాట్లాడమని రాశాం, ఆవిడ మెయిలేమో మీ నంబరు ఇచ్చింది అన్నారు, ఆవిడ లేనప్పుడు చూసుకునేది మీరేనా అని అడిగారు, నేను లిఫ్టుల పనేమో అనుకుని అవునండీ నేనే, చెప్పండి అన్నానమ్మగారూ, అవును నేనే అన్నాక చెప్పారు, ఈ ఆసుపత్రి పేరు చెప్పి ఫలితం కాగితం నాకు పంపారు, అని అప్పుడు కూచుంది, కూలబడింది, ఏం చెప్పారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, ఆ కాగితం ఇక్కడి కిటికీలో ఇచ్చాను, నర్సు చదివి లోపలికి పరిగెత్తింది అని మాత్రం అంది, నిన్న సాయంత్రం అంటే ఇది ఉత్తరం పెట్టాకే వచ్చిందన్నమాట, గడ్డ ఎలాంటిదో చెప్పే కబురు వస్తే, మీ మెయిల్ అందింది, నేను సెలవులో ఉన్నాను అని ఆ కబురుకి కూడా మర్యాదగా చెప్పి పంపించేసింది నా కూతురు, మత్తిచ్చే ముందు ఇంక ఫోను చూడొద్దని నిన్న సాయంత్రమే అక్కడివాళ్ళంటే బుద్ధిగా నా చేతికిచ్చేసింది, ఎవర్నీ విసిగించని పిల్ల, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గట్టి చెయ్యి, ఈ చెయ్యే కుడుతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఎర్ర దీపం ఆరింది, ఇంత తొందరగా ఆరకూడదు, చాలాసేపు పడుతుంది, భోజనం చేసి రండి పెద్దమ్మా అన్నారు కదా పొద్దున, తలుపు తెరుచుకుంది, డాక్టరు మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగుతూ వచ్చి ఆమె తరఫున ఎవరు అన్నాడు, కందిరీగా నేనూ ఇద్దరం లేచాం, ఆయన ఇద్దరినీ చూసి నా వైపు తిరిగాడు, తెరిచి చూశామమ్మా, లోపలంతా పాకింది, అప్పుడే ఆ కాగితం కూడా వచ్చింది, కాగితం ముందే చూసుంటే అసలు కోసేవాళ్ళం కాదు, అలాగే మళ్ళీ కుట్టేశాం, మందులిస్తాం, కొన్నాళ్ళు, అని ఆపాడు, నేను కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళు బాబూ అని అడగబోయాను, ఆయన చేతికి ఇంకా తొడుగులున్నాయి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు, అడగలేదు, మంచిది నాయనా అన్నాను, ఆయన నా కొడుకు వయసువాడు, కొడుకుంటే, తెలివొచ్చాక చూద్దురుగాని అని వెళ్ళిపోయాడు, కందిరీగ గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి, తుడిచిన నేల ఆరిపోయింది, నా కాళ్ళు మాత్రం ఇంకా ఎత్తి పెట్టుకున్నట్టే ఉన్నాయి, నేలకి ఆనడం లేదు.

టింగుమంది, చూడకూడదనుకున్నాను, చూశాను, పాపే, అమ్మా, నువ్వు సెలవులో ఉన్నావా, ఆఫీసు పని అన్నావు కదా, సోమవారం దాకా రావా, అర్జెంటైతే ఆ ఆంటీకి ఫోన్ చెయ్యమన్నావు, ఆవిడ నువ్వు తిట్టే ఆంటీ కదా, నాది అర్జెంటేనా, అని, అంతే, అక్కడితో అయిపోయింది, నాది అర్జెంటేనా, నేను ఆ మాట మళ్ళీ మళ్ళీ కూడబలుక్కున్నాను, తప్పుగా చదివానేమోనని, కందిరీగ వచ్చి నా భుజం మీంచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నేను జవాబిమ్మంటారా అమ్మగారూ, నా పేరే ఉంది కదా అంది, నేను తల అడ్డంగా ఊపాను, ఊపాక గుర్తొచ్చింది నిన్న అది చెప్పింది, రెండోసారి రాస్తే ఏమీ పోదమ్మా, ఒక్కొక్కరికి ఒక్కసారే, అంటే ఇప్పుడు ఈ యంత్రం ఏమీ అనదు, నమస్కారం అనదు, సోమవారం అనదు, పాప బడిలో ఆ తెర ముందు కూచుని చూస్తూ ఉంటుంది, గాలిపోయిన సైకిలు గోడకి ఆనించి కూచున్నట్టు, లోపల నా కూతురు కుట్టిన పొట్టతో మత్తులో ఉంది, అది లేచి చెప్పగలిగిన రోజుకి ఏం మిగిలి ఉంటుందో, అల్లుడు లేడు, ఆవిడెవరో పాపం నేనే అని ఒకసారి అనేసింది, తెలియక అనేసింది, తెలిసి అనాల్సిన మనిషిని నేనొక్కదాన్నే ఉన్నాను, ఈ మోకాళ్ళతో, ఈ మూడో తరగతితో, బడి బస్సు మా వీధి మలుపులో ఆగే వేళకి నేను అక్కడ ఉండాలి, ముందు పాలు తాగు తర్వాత చెబుతా అనకూడదు, శుక్రవారం అనకూడదు, సోమవారం అనకూడదు, దాని పుస్తకాల సంచి నా భుజాన వేసుకుని, నీదే అర్జెంటు తల్లీ అని మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియదు, కానీ మొదలుపెట్టాల్సింది ఎవరో తెలిసింది, అది లేనప్పుడు పాప ఎవరిని అడగాలో దాని ఉత్తరంలో రాయలేదు, రాయకపోయినా అది నేనే.